విశ్వం గట్టుకు బుంగ ఉందా?

"మూడు దిక్కులకు మించి ఇంకో దిక్కు ఉంటే, దాన్ని మెషీన్ పెట్టి ఎట్లా పట్టుకుంటారు సార్?" దేవరకొండలో ఒక ఇంటర్ అమ్మాయి అడిగింది. పొడవు, వెడల్పు, ఎత్తు సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. నన్ను పట్టుకున్నది ఆ "ఎట్లా" అన్న ముక్కే.

అసలు అనుమానం ఎందుకొచ్చింది? పాత స్పీకర్ అయస్కాంతానికి దారం కట్టి డిండి వాగు ఇసుకలో ఈడిస్తే నల్లటి ఇనుప రజను మీసాల్లా అంటుకుంటుంది. చిన్నప్పుడు ఎన్ని పొద్దులు ఆడామో ఆ ఆట! రజనును కిందికి లాగేది మొత్తం భూమి, పైకి లాగేది అరచేతిలో పట్టే అయస్కాంతం. గెలిచేది అయస్కాంతమే. గురుత్వాకర్షణ అంత బలహీనమెందుకు? 1998లో అర్కానీ-హమేద్, డిమోపౌలోస్, ద్వాలి అనే భౌతిక శాస్త్రవేత్తలు ఒక జవాబు చెప్పారు: అది బలహీనం కాదు, మనకు కనబడని దిక్కుల్లోకి, అంటే డైమెన్షన్లలోకి, కారిపోతోంది. అదే నిజమై, అట్లాంటి డైమెన్షన్లు రెండుంటే, వాటి సైజు కంటే దగ్గరి దూరాల్లో దూరం రెట్టింపైనప్పుడు ఆకర్షణ నాలుగో వంతుకు కాదు, పదహారో వంతుకు పడిపోవాలి. 2020లో అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్లు 52 మైక్రోమీటర్ల దూరం దాకా కొలిచారు. న్యూటన్ చెప్పిన నాలుగో వంతు సూత్రం చెక్కుచెదరలేదు.

ఇక మెషీన్ సంగతి. వరి పెట్టినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రాత్రి మడి నిండా నీళ్లు పెడతాం. పొద్దున పోయి చూస్తే బురద తేలి ఉంటుంది. గట్టు ఎక్కడా తెగలేదు. లోపల ఎండ్రకాయ తవ్విన బుంగ ఉంది. బుంగ కనబడదు, నీళ్లు తగ్గడం కనబడుతుంది. జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఉన్న ఎల్‌హెచ్‌సీ అనే కణాలను ఢీకొట్టించే మెషీన్‌లో వేసేది ఆ లెక్కే.

ఒక్కోటి 6.8 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తితో ప్రోటాన్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. అప్పటిదాకా వాటికి పక్కవాటు ద్రవ్యవేగం లేదు. అందుకే ఢీకొన్నాక ఎగిరిపడే కణాల పక్కవాటు ద్రవ్యవేగాలన్నీ కూడితే సున్నానే రావాలి. ఎడమకు ఎంతో కుడికి అంతే. ఒకవైపు కణాల గుంపు దూసుకుపోయి, రెండోవైపు బోసిగా ఉందంటే, అటు ఏదో డిటెక్టర్ కంటపడకుండా జారుకుంది. అది అదనపు డైమెన్షన్‌లోకి పోయిన గ్రావిటాన్, అంటే గురుత్వాకర్షణను మోస్తుందని అనుకునే కణం, కావచ్చు.

2008 సెప్టెంబర్ 10న ఈ మెషీన్ మొదలైతే లోకం అంతమేనని టీవీల్లో చూసి మా వీధిలో కొందరు పిల్లల్ని బడికి పంపలేదు. ఆ రోజు ఏదీ దేన్నీ ఢీకొట్టలేదు, ప్రోటాన్లను ఊరికే చుట్టూ తిప్పారంతే. ఈ మెషీన్ ఢీకొట్టించే శక్తి కంటే ఎక్కువ శక్తితో అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన గాలిని ఎప్పటినుంచో ఢీకొంటూనే ఉన్నాయి. ఆ పిల్లల భయం తీర్చడానికి ఈ రెండు మాటలు చాలు, అవి చెప్పేవాళ్లే కరువయ్యారు.

మడిలో తగ్గిన నీళ్లన్నీ బుంగలోకే పోవు, కొన్ని నేలలోకి ఇంకుతాయి. ఇక్కడ ఆ ఇంకుడు న్యూట్రినోలది, అవి డిటెక్టర్‌కు చిక్కకుండా దాటిపోయే కణాలు. ఢీకొన్నప్పుడు పుట్టే జెడ్ బోసాన్ అనే కణం నూటికి 20 సార్లు న్యూట్రినో జంటగా మారి చడీచప్పుడు లేకుండా పోతుంది. నూటికి 3 సార్లకు కాస్త పైగా మ్యూవాన్ అనే మరో రకం కణాల జంటగా మారుతుంది, మ్యూవాన్లు కనబడతాయి. వాటిని లెక్కపెట్టి దాదాపు ఆరింతలు చేస్తే కనబడకుండా పోయినవెన్నో తేలుతుంది. ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ లెక్క. ఎల్‌హెచ్‌సీలోని రెండు పెద్ద డిటెక్టర్లు అట్లాస్, సీఎంఎస్‌ల బృందాలు ఆ ఇంకుడు తీసేసి చూస్తే ఇప్పటిదాకా బుంగ ఆనవాలు లేదు.

బుంగలో పోయిన నీళ్లు కింది మడిలో ఊటగా తేలడమూ ఉంది. 1999లో రాండల్, సండ్రమ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు చెప్పిన నమూనాలో బరువైన గ్రావిటాన్ మన కళ్లముందే రెండు ఫోటాన్లుగా, అంటే వెలుగు కణాలుగా, విరిగిపోవాలి. 2015 డిసెంబర్‌లో 750 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర సరిగ్గా అట్లాంటి ఫోటాన్ జంటలు లెక్కకు మించి కనబడ్డాయి. దాని మీద వందల పేపర్లు వచ్చాయి. 2016 ఆగస్టుకు డేటా పెరిగింది, గ్రాఫ్‌లో ఉబ్బులా కనబడిన ఆ అదనం చదునైపోయింది.