నరం, నాడి, బలమైన ఆమ్లం: తెలిసిన మాటలతోనే చిక్కు (అపోహలు - వాస్తవాలు)

నర్సింగ్, పారామెడికల్ కోర్సుల్లో మొదటి సంవత్సరం పిల్లలకి అనాటమీ, అంటే శరీర నిర్మాణ శాస్త్రం చెప్తాను. దానికి ముందు కొన్ని వారాలు ప్రాథమిక కెమిస్ట్రీ కూడా నాదే. వాళ్లు పొడుగాటి పదాలను చూసి భయపడతారు గానీ, తప్పులు చేసేది మాత్రం చిన్నప్పటి నుంచీ వాడుతున్న మాటల దగ్గర. ఏటా నాకు ఎదురయ్యే అపోహలు కొన్ని ఇవి.

అపోహ: అనాటమీ అంటే అర్థం లేని పదాలను బట్టీ పట్టడమే.

మెడ పక్కన ఉండే ‘స్టెర్నోక్లైడోమాస్టాయిడ్’ అనే కండరం పేరు వినగానే క్లాసు మొత్తం నవ్వుతుంది. స్టెర్నో అంటే రొమ్ము ఎముక, క్లైడో అంటే కాలర్ ఎముక, మాస్టాయిడ్ అంటే చెవి వెనక చేతికి తగిలే ఎముక గుబ్బ. కండరం ఎక్కడెక్కడ అతుక్కుందో పేరులోనే ఉంది. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ, చివర ‘ఈమియా’ అంటే రక్తంలో. ఇంతవరకు పిల్లలు చెప్పేస్తారు. ‘హైపర్‌కెలీమియా’లో ఆ ‘కెల్’ ఏంటని అడిగితే నిశ్శబ్దం. పొటాషియం లాటిన్ పేరు కేలియం. అందుకే దాని సంకేతం ‘కె’. ‘పి’ ఫాస్ఫరస్‌ది. సోడియం నేట్రియం కాబట్టి ‘ఎన్ఏ’, రక్తంలో అది తగ్గితే హైపోనేట్రీమియా. కెమిస్ట్రీ ఎందుకు మాకు అని అడిగేవాళ్లకి నేనిచ్చే మొదటి జవాబు ఇదే.

అపోహ: నరం అంటే నరమే, అందులో తెలియనిదేముంది?

నా దృష్టిలో తెలుగులో అనాటమీ చెప్పేటప్పుడు అతి పెద్ద చిక్కు ఈ మాటే. ‘నరానికి ఇంజెక్షన్ ఇచ్చారు’ అంటే అది సిర. ‘చేతి మీద నరాలు తేలాయి’ అన్నా సిరలే. ‘మెడ నరం పట్టేసింది’ అన్నప్పుడు చాలాసార్లు బిగుసుకున్నది కండరం. మడమ వెనక తాడులా తగిలేదాన్ని కూడా నరమే అంటారు, అది పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే టెండాన్. ‘నరాల డాక్టరు’ అన్నప్పుడు మాత్రమే అసలైన నరాలు.

పోనీ పుస్తకాల్లో ఉన్నట్టు ‘నాడి’ అందామా అంటే అదీ రెండు నాల్కల మాటే. నాడీ వ్యవస్థ అంటే మెదడు, వెన్నుపాము, నరాలు. కానీ నాడి చూడటానికి మణికట్టు దగ్గర బొటనవేలి వైపు వేళ్లు పెట్టినప్పుడు కొట్టుకునేది రేడియల్ ధమని. నరం కొట్టుకోదు. అందుకే మా క్లాసులో ఒక నియమం పెట్టాను: రోగి ఏ మాట వాడినా వినండి, రికార్డులో మాత్రం ధమనా, సిరా, నరమా, టెండానా తేల్చి రాయండి. టెండాన్ కండరాన్ని ఎముకకు కలుపుతుంది, లిగమెంట్ ఎముకను ఎముకకు కలుపుతుంది. ఈ రెండూ కలగాపులగం చేస్తే నాకు కోపం వస్తుంది, ముందే చెప్తున్నా.

అపోహ: ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం.

స్కూల్లో ఎరుపు, నీలం రంగులు వేసి నేర్పిన పాఠం ఇది. నిజానికి పేరు పెట్టేది దిశను బట్టి. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. కుడి జఠరిక (గుండెలో కుడివైపు కింది గది) నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఉన్నది ఆక్సిజన్ తగ్గిన రక్తమే. ఇక రక్తం ఎప్పుడూ నీలంగా ఉండదు. ఆక్సిజన్ తగ్గితే ముదురు ఎరుపు అవుతుంది, అంతే. చర్మం కింద సిర నీలంగా కనిపించడం వెలుతురు చేసే మాయ.

ధమని అనే మాట సంస్కృతంలో ‘ఊదడం’ అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. గ్రీకుల ‘ఆర్టీరియా’ కూడా మొదట్లో గాలి గొట్టానికి పేరే. చచ్చినవాళ్ల ధమనులు దాదాపు ఖాళీగా కనిపించడంతో వాటిలో గాలి ఉంటుందనుకునేవాళ్లు కొందరు ఉండేవారు. రెండో శతాబ్దంలో గేలన్ అనే గ్రీకు వైద్యుడు వాటిలో రక్తం ఉందని చూపించాడు. అది శరీరమంతా తిరిగి మళ్లీ గుండెకే చేరుతుందని విలియం హార్వే 1628లో ప్రచురించాడు.

అపోహ: ఎడమ అంటే బొమ్మలో ఎడమవైపు.

ఎడమ అంటే ఎప్పుడూ రోగి ఎడమే. చదువుకునే రోజుల్లో ఎక్స్‌రే చూసి కుడి ఊపిరితిత్తిని ఎడమ అని ధీమాగా చెప్పి, అందరి ముందూ తిట్లు తిన్నాను. ఎక్స్‌రే చూడటమంటే రోగికి ఎదురుగా నిలబడటం. నిటారుగా నిలబడి, అరచేతులు ముందుకు తిప్పిన భంగిమనే లెక్కగా తీసుకుంటాం, రోగి బోర్లా పడుకున్నా సరే.

అపోహ: లెగ్ అంటే కాలు మొత్తం. కాదు. అనాటమీలో మోకాలి నుంచి చీలమండ వరకే. ఆర్మ్ కూడా భుజం నుంచి మోచేతి వరకే.

అపోహ: బలహీన ఆమ్లం ఒంటి మీద పడినా ఏమీ కాదు.

ప్రమాదకరమైన అపోహ. ‘బలమైన’ అంటే నీటిలో అణువులు దాదాపు పూర్తిగా అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా విడిపోతాయని. ‘గాఢ’ అంటే ద్రావణంలో ఆమ్లం ఎక్కువ ఉందని. మన జీర్ణాశయంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం బలమైనదే, కానీ పలుచగా ఉంటుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం బలహీనమైనది. అయినా చర్మంలోంచి లోపలికి దిగి, కాల్షియాన్ని పట్టేసి గుండె లయను కూడా దెబ్బతీయగలదు. ల్యాబ్‌లో ఈ పాఠం చెప్పే రోజు జోకులు వేయను.

ఆమ్లాల గురించి ఇంకో సరదా సంగతి. పాత పుస్తకాల్లో ఆక్సిజన్‌ను ‘ఆమ్లజని’ అనేవాళ్లు, ఆమ్లాన్ని పుట్టించేదని. ఆమ్లాలన్నిటిలో ఆక్సిజన్ ఉంటుందని నమ్మి ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లావోయిజియే పెట్టిన పేరుకి ఇది అనువాదం. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు. అప్పటికే పేరు స్థిరపడిపోయింది, తప్పుతో సహా మన భాషలోకీ వచ్చింది.

అపోహ: ఒంట్లో సోడియం, కాల్షియం అంటే ఆ లోహాలే. సోడియం లోహం నీటిలో పడితే భగ్గుమంటుంది. రక్తంలో ఉన్నది సోడియం అయాన్. ఒక్క ఎలక్ట్రాన్ పోగానే దాని స్వభావమే వేరు. ఎముకలోని కాల్షియమూ ఫాస్ఫేట్‌తో కలిసిన సమ్మేళనమే.

అపోహ: పిహెచ్ 7.4 నుంచి 7.1కి తగ్గితే పెద్ద తేడా కాదు.

పిహెచ్ అంటే ఒక ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత. 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఇది మామూలు స్కేలు కాదు, లాగరిథమ్ స్కేలు. ఒక అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు పెరుగుతాయి. 0.3 తగ్గితే దాదాపు రెట్టింపు. రక్తం మామూలుగా 7.35 - 7.45 మధ్య ఉంటుంది కాబట్టి 7.1 అంటే ప్రాణాల మీదికి వచ్చినట్టే. ఇక్కడ ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు: ‘7 కంటే ఎక్కువే కదా, మరి ఎసిడోసిస్ అని ఎందుకంటారు?’ మంచి ప్రశ్న. ఆ రక్తం ఇంకా క్షారం వైపే ఉంది. ఎసిడోసిస్ అంటే ఆమ్లంగా మారిపోయిందని కాదు, ఉండాల్సిన చోటు నుంచి ఆమ్లం వైపు జరిగిందని.