పాండవుల గుట్టకు ఎప్పుడు వెళ్లాలో రాయినే అడగాలి

హనుమకొండలో పద్మాక్షి గుట్టను చూస్తూ పెరిగినవారికి గుట్ట అంటే ఉల్లిపొరల్లా పెచ్చులూడి గుండ్రంగా తేలిన గ్రానైట్ బండే గుర్తుకొస్తుంది. పరకాల మీదుగా సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణించి రేగొండ దాటాక కనిపించే పాండవుల గుట్టలు అలా ఉండవు. అవి రొట్టెలను దొంతర పేర్చినట్టు పొరలు పొరలుగా నిటారుగా లేచిన ఇసుకరాతి గోడలు. గ్రానైట్ భూగర్భంలో కరిగిన శిలాద్రవం చల్లారగా ఏర్పడింది. ఈ ఇసుకరాయి మాత్రం నీరు తెచ్చి పరిచిన ఇసుక గట్టిపడి రాయిగా మారినది. దీని వయసు 50 కోట్ల ఏళ్లకు పైమాటే కాబట్టి, దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట లేవడం మొదలుపెట్టిన హిమాలయాలు దీని ముందు పసిపిల్లలు.

ఆదిమానవులు గీసిన బొమ్మలు లేని చోట ఆ గోడను అరచేత్తో నిమిరితే సన్నని ఇసుక చేతికి అంటుకుంటుంది. కాస్త వంగి చూస్తే అడ్డపొరల మధ్య ఏటవాలుగా సాగిన గీతలు కనిపిస్తాయి. ఇసుక మేటల వాలు మీద రేణువులు జారి నిలిచిన గుర్తులవి, అవి ఎటు వాలితే ఆనాటి ప్రవాహం అటు సాగిందని అర్థం. ఉదయపు ఏటవాలు వెలుతురులో ఈ గీతలు తేటగా తెలుస్తాయి కనుక పొద్దున్నే చేరుకోవడం మంచిది.

పొరలన్నీ ఒకే గట్టిదనంతో ఉండవు. మెత్తని పొర ముందుగా అరిగిపోయి, పైనున్న గట్టి పొర ఇంటి చూరులా ముందుకు పొడుచుకువస్తుంది. ‘ఎదురు పాండవులు’ వంటి ఆవాసాల్లో ఆదిమానవులు తలదాచుకుని, అడవిదున్నలను, జింకలను, పులులను చిత్రించగలిగారంటే ఆ చూరు నీడ వల్లనే. 1990లో వెలుగుచూసిన ఈ బొమ్మల్లో ఎరుపు ఎక్కువకాలం నిలవడం వింతేమీ కాదు. మన ఇళ్ల అరుగులకు పూసే జాజులో ఉన్నట్టే ఆ రంగులోనూ ఉన్నది ఇనుప ఆక్సైడ్. అది అప్పటికే తుప్పుపట్టిన ఇనుము కాబట్టి ఆకుపసర్లలా వెలిసిపోదు.

ఇక కాలం సంగతి. నవంబరు నుంచి జనవరి వరకు వెళ్లడం మేలని నా అభిప్రాయం. వానాకాలంలో బండల మీద నాచు పట్టి కాలు నిలవదు. ఏప్రిల్, మే నెలల్లో రాయి పగలంతా మింగిన వేడిని సాయంత్రం దాకా కక్కుతూనే ఉంటుంది. సెలవుల్లో పిల్లలను తీసుకెళ్దామనుకునేవారికి ఈ మాట రుచించకపోవచ్చు. చరియలకు వేలాడే పెద్ద తేనెపట్లు కనిపిస్తే అరుపులు, పొగ, ఘాటైన సెంట్లు పనికిరావు. తాగునీళ్లు వెంట తీసుకెళ్లాలి, దారి తెలిసిన ఊరివారిని తోడు పిలుచుకోవాలి. అన్ని గుహలనూ ఒక్కరోజే చుట్టి రావాలని తొందరపడేకంటే ఒక్క ఆవాసం ముందు గంటసేపు కూర్చోవడమే నాకిష్టం.

ఫొటోలో రంగు బాగా పడాలని బొమ్మల మీద నీళ్లు చల్లేవారు కొందరుంటారు. ఇసుకరాయి ఆ నీటిని పీల్చుకుని, ఆరేటప్పుడు లోపలి లవణాలను పైకి లాగుతుంది. అవి రేణువుల మధ్య స్ఫటికాలై ఉబ్బి రాతిని పొడిపొడిగా రాలుస్తాయి. రాయితో పాటే దాని మీది రంగూ రాలుతుంది.