స్టార్ట్ కాని బండి: అపోహలు – వాస్తవాలు

మా మెకానిక్ షెడ్డుకు తోసుకొచ్చే ద్విచక్ర వాహనాల్లో చాలావాటికి పెద్ద జబ్బేమీ ఉండదు. దారిలో యజమాని చేసిన సొంత వైద్యమే మాకు ఎక్కువ పని పెడుతుంది. ఆ వైద్యానికి మూలమైన కొన్ని నమ్మకాల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సెల్ఫ్ నొక్కితే టక్ టక్ మనడమే తప్ప ఇంజన్ తిరగకపోతే బ్యాటరీ మార్చాల్సిందే.

వాస్తవం: ఆ శబ్దం రిలేది, అంటే ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్‌ది. బటన్ నుంచి కరెంటు రిలే దాకా వస్తోందనీ, అక్కడి నుంచి మోటారుకు సరిపడా అందడం లేదనీ మాత్రమే అది చెబుతుంది. నిండుగా ఛార్జయిన బ్యాటరీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ నొక్కగానే అది 10కి బాగా దిగువకు పడిపోతే బ్యాటరీని అనుమానించవచ్చు. పడకుండా 12 పైనే నిలిచి, మోటారు మాత్రం కదలకపోతే తప్పు తీగల్లోనో, రిలేలోనో, మోటారులోనో ఉన్నట్టు. కిందటి వానాకాలంలో ఒక యువకుడు కొత్త బ్యాటరీ వేయించుకున్న మర్నాడే బండిని తోసుకొచ్చాడు. మీటరు పెట్టి సెల్ఫ్ నొక్కితే 12.5 దగ్గర ముల్లు కదలలేదు. ఇంజన్‌కు ఎర్త్ తీగను బిగించే బోల్టు విప్పి చూస్తే దాని కింద తుప్పు పొరలు కట్టి ఉంది. ఉప్పుకాగితంతో గీకి మళ్లీ బిగించాక మొదటి నొక్కుకే ఇంజన్ అందుకుంది. బ్యాటరీ టర్మినళ్ల మీద పేరుకునే తెల్లటి, పచ్చటి చిలుము కూడా ఇదే పని చేస్తుంది.

అపోహ: ప్లగ్ తీసి చూస్తే నిప్పురవ్వ వస్తోంది కనుక ప్లగ్ బాగున్నట్టే.

వాస్తవం: బయటి గాలిలో సులువుగా దూకే రవ్వ, సిలిండర్ లోపలి ఒత్తిడిలో దూకలేకపోవచ్చు. పింగాణీ చిట్లినా, మొన దగ్గర ఖాళీ పెరిగినా ఇలాగే జరుగుతుంది. మన రోజువారీ బండ్లలో చాలావాటికి ఆ ఖాళీ 0.7–0.8 మిల్లీమీటర్లు ఉండాలి. అసలు నేను రవ్వ కంటే ముందు ప్లగ్ మొననే చూస్తాను. నాలుగైదు కిక్కుల తరువాత కూడా అది పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు, తడిసి ఉంటే అందుతున్నా మండడం లేదు. రవ్వ చూడాలనుకునేవారు ప్లగ్ లోహభాగాన్ని ఇంజన్‌కు ఆనించి, ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి. లేకపోతే అందులోంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకునే ప్రమాదముంది.

అపోహ: ఆపకుండా సెల్ఫ్ కొడితే ఎప్పటికైనా అందుకుంటుంది.

వాస్తవం: ఒక్కసారికి 5 సెకన్లు మించకూడదు, మధ్యలో కనీసం 10 సెకన్లు ఆగాలి. కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే పాత తరహా భాగం) ఉన్న బండి దగ్గర పెట్రోలు వాసన గుప్పుమంటే చోక్ (గాలిని తగ్గించే మీట) తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్ కొట్టాలి.

అపోహ: బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా తోస్తే ఏ బండైనా స్టార్టవుతుంది.

వాస్తవం: 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లు చాలావరకు కార్బ్యురేటర్‌కు బదులు ఇంజెక్షన్‌తో (పెట్రోలును కొలిచి చిమ్మే పద్ధతితో) నడిచేవే. వాటిలో పెట్రోలును పంపేది కరెంటు పంపు కాబట్టి, బ్యాటరీలో కొంతైనా ప్రాణం లేనిదే తోసినవారికి ఆయాసమే మిగులుతుంది. తాళం తిప్పగానే పంపు రెండు మూడు సెకన్లు సన్నగా రొద చేసి ఆగుతుంది. ఆ రొద వినిపించకపోతే ఫ్యూజు కంటే ముందు హ్యాండిల్ మీద ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ చూడండి. పార్కింగులో ఎవరో సరదాకి నొక్కిపోయిన ఆ ఎర్ర బటన్ వల్ల కిలోమీటర్ల కొద్దీ తోసుకొచ్చిన బండ్లను నేను చూశాను.