ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ లీకు: షెడ్డుల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

అపోహ: టిక్‌టిక్‌మంటోందంటే టాపెట్లు (వాల్వులను తెరిచే భాగాలు) లూజయ్యాయి.

వాస్తవం: అయ్యుండొచ్చు, కానీ టాపెట్ల స్పానరు పట్టుకునే ముందు మ్యానిఫోల్డ్ చూడండి. ఇంజిన్ హెడ్డు నుంచి పొగను సైలెన్సరు పైపులోకి పంపే పోత ఇనుము గొట్టాలే అది. ప్రతి ఎగ్జాస్ట్ వాల్వూ ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి తెరుచుకుంటుంది. అందుకే లీకు చప్పుడు, టాపెట్ చప్పుడు ఒకే లయలో వస్తాయి. లీకైతే పొద్దున చల్లటి ఇంజిన్‌లో గట్టిగా వినిపించి, మెరక ఎక్కేటప్పుడు ఇంకా పెరిగి, వేడెక్కాక తగ్గుతుంది. పోత ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి తగ్గిందే తప్ప బాగుపడి కాదు. ఖాయం చేసుకోవాలంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సరు చివర బ్లోయరుతో గాలి పంపి, మ్యానిఫోల్డ్ అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగలు ఎక్కడ వస్తే లీకు అక్కడే. జాయింటు దగ్గర మసి చార కూడా మంచి గుర్తే.

అపోహ: ప్యాకింగ్ (హెడ్డుకూ మ్యానిఫోల్డుకూ మధ్య ఉండే గ్యాస్కెట్) మారిస్తే పని అయిపోతుంది.

వాస్తవం: మళ్లీ మళ్లీ వచ్చే రిపేర్లలో ఎక్కువ భాగం ఈ నమ్మకం వల్లే. ప్యాకింగ్ ఊరికే కాలదు. స్టడ్డు (హెడ్డులో దిగి ఉండి నట్టు పట్టే మర కడ్డీ) విరిగో, హెడ్డుకు ఆనే ముఖం వంగో, పైపు బరువు లాగో సందు పడితే వేడి గ్యాసు దాన్ని తినేస్తుంది. ముందు ఆ కారణం పట్టుకోవాలి.

విప్పాక మ్యానిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి చూడండి. 0.1 ఎంఎం దాటి దూరితే, ముఖాన్ని మిషన్ మీద చదును చేసే ఫేసింగ్‌కు పంపాలి. అన్ని ఫ్లాంజీలనూ (హెడ్డుకు ఆనే పలకలనూ) ఒకే సెట్టింగులో కోయమనండి. విడివిడిగా ఎమరీ రుద్దితే ఒక్కోటీ ఒక్కో ఎత్తుకు పోతుంది. తర్వాత హెడ్డు వైపు ముఖం కూడా చూడండి. పాత ప్యాకింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కనుక తడిపి గీకాలి, పొడిగా వైర్ బ్రష్ పెట్టొద్దు.

చాలామంది చూడనిది కింద ఉంటుంది. సైలెన్సరు రబ్బర్లు తెగినా, ఇంజిన్ మౌంటింగ్ కుంగినా ఆ ఊపంతా చివరి స్టడ్డు మీద పడుతుంది. మౌంటింగ్ మార్చకుండా పెట్టిన కొత్త ప్యాకింగ్ ఎన్నాళ్లుంటుందో ఊహించవచ్చు.

అపోహ: స్టడ్డు రాకపోతే పొడుగాటి రాడ్డు వేసి బలంగా తిప్పాలి.

వాస్తవం: అలా చేస్తే హెడ్డులోనే విరుగుతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. అయినా కదలకపోతే పెట్రోల్ పైపు, కార్బురేటరు తీసి పక్కన పెట్టాకే నట్టును మంటతో వేడి చేసి, కొవ్వొత్తి మైనం తాకించండి. కరిగిన మైనం మరల్లోకి పాకుతుంది. కొంచెం బిగించి కొంచెం వదులుతూ తీయాలి. విరిగితే సెంటర్ పంచ్ కొట్టి, సన్న డ్రిల్లుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. 8 ఎంఎం, 1.25 పిచ్ మరకు చివరి డ్రిల్లు 6.8 ఎంఎం.

అపోహ: ఇంజిన్ వేడి మీద ఎంత బిగిస్తే అంత మంచిది.

వాస్తవం: చల్లగా ఉన్నప్పుడే, మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో బిగించాలి. 8 ఎంఎం స్టడ్డుకు సాధారణంగా 2 నుంచి 2.5 కేజీ-మీటర్లు. మీ ఇంజిన్ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. ఒకసారి నడిపి, పూర్తిగా చల్లారాక మళ్లీ చూసుకోండి.

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో ఇంకో చిక్కుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు, ఒకే ప్యాకింగ్ మీద కూర్చుంటాయి. ఒకే దళసరి వాషరు రెండు ఫ్లాంజీలనూ నొక్కుతుంది. రెండింటి మందం సమానంగా లేకపోతే పలచగా ఉన్నవైపు వాషరు ఆనదు. ఇన్‌టేక్ గాలి లాగితే ఐడ్లింగ్ నిలవదు, మిశ్రమం పలచబడి వాల్వులు కూడా దెబ్బతినొచ్చు. మ్యానిఫోల్డ్ మార్చినప్పుడు ఈ మందాలు కొలవడం మరవొద్దు.

అపోహ: ఎంసీల్ లాంటి ఎపాక్సీ పూస్తే చాలు.

వాస్తవం: మ్యానిఫోల్డ్ వేడికి ఎపాక్సీ మాడి రాలిపోతుంది. ప్యాకింగ్‌కు సిలికాన్ కూడా వద్దు. ఆక్సిజన్ సెన్సరున్న ఎంపీఎఫ్ఐ (కార్బురేటరు బదులు ఇంజెక్టర్లున్న) బళ్లలో సిలికాన్ ఆవిరి ఆ సెన్సరును పాడుచేస్తుంది.

అపోహ: చప్పుడే కదా, నడిచినన్నాళ్లు నడవనీ.

వాస్తవం: కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. బానెట్ కింద లీకైన గ్యాసు గాలి దారుల్లోంచి క్యాబిన్‌లోకి వస్తుంది. అలాంటి బండిలో ఏసీ వేసుకుని పార్కింగులో నిద్రపోవద్దు, మూసిన షెడ్డులో స్టార్ట్ చేయొద్దు.

అపోహ: చీలితే ఏ వెల్డరైనా అతికిస్తాడు.

వాస్తవం: మామూలు రాడ్డుతో అతికిస్తే పక్కనే మళ్లీ చీలుతుంది. చీలిక రెండు చివర్లా 3 ఎంఎం రంధ్రం వేసి, వీ ఆకారంలో గాడి తీసి, మొత్తం వేడి చేసి, నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళంగా పోయాలి. తర్వాత పొడి ఇసుకలోనో బూడిదలోనో కప్పి నిదానంగా చల్లార్చాలి. వెల్డింగు అయ్యాకే ఫేసింగ్. వేడి పోత ఇనుము ఒక్కసారిగా చల్లబడితే చీలుతుంది, అందుకే ఇంజిన్ వేడిగా ఉండగా వాటర్ వాష్ కూడా చేయించొద్దు.

ఇంత ఖర్చుకు బదులు స్క్రాప్ మార్కెట్లో మంచి మ్యానిఫోల్డ్ దొరికితే అదే మేలు. కొనే ముందు కిరోసిన్ పూసి, తుడిచి, పైన చాక్‌పీసు రుద్దండి. సన్న పగులుంటే కాసేపటికి తడి గీతలా బయటపడుతుంది. పోర్టుల మధ్య భాగాన్ని ముందు చూడండి.