ప్లేట్ వెనక నిలబడితే ఏం కనిపిస్తుంది?

పోయిన వేసవిలో న్యూజెర్సీలో మా అక్క కొడుకు ఆడే పిల్లల బేస్‌బాల్ మ్యాచ్‌కి అంపైర్ రాలేదు. "మామయ్యా, నువ్వు నిలబడవా?" అన్నాడు వాడు. మాస్క్ పెట్టుకుని, ఛాతీకి గార్డ్ కట్టుకుని, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ వెనక వంగి నిలబడ్డాను. బంతి చేతిలోంచి వదిలినప్పుడు కనిపించింది. గ్లవ్‌లో పడ్డాక కనిపించింది. తీర్పు చెప్పాల్సిన చోట, అంటే ఆ రెండింటికీ మధ్య, ప్లేట్ మీద, బ్యాటర్ పక్కన నేల మీదుండే ఆ పలక మీద మాత్రం కనిపించలేదు. 'ఠప్'మని చప్పుడైంది. గ్లవ్ ఎక్కడుందో చూశాను. "స్ట్రైక్" అనేశాను. వాళ్ళు పదకొండేళ్ళ పిల్లలు, అదేమంత వేగమైన బంతి కాదు.

క్రికెట్‌లోలాగా ఇక్కడ వికెట్లు పాతి ఉండవు. గాల్లో ఒక పెట్టె ఉందనుకోవాలి. దాని వెడల్పు నేల మీదున్న హోమ్ ప్లేట్ వెడల్పే, 17 అంగుళాలు. అడుగు అంచు మోకాలిచిప్ప కింది గుంత దగ్గర, పై అంచు భుజాలకీ ప్యాంటు పైభాగానికీ సరిగ్గా మధ్యలో. బ్యాటర్ బ్యాట్ ఊపనప్పుడు బంతి ఆ పెట్టెను కాస్త తాకినా స్ట్రైక్, తాకకుండా పోతే బాల్. మూడు స్ట్రైక్‌లైతే అవుట్, నాలుగు బాల్స్ అయితే బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్‌కి వెళ్ళిపోతాడు. బ్యాటర్ పొడుగును బట్టి పెట్టె ఎత్తు మారుతుంది. ఆరడుగుల ఏడంగుళాల ఆరన్ జడ్జ్‌కి ఒక పెట్టె, ఐదడుగుల ఆరంగుళాల హోసే అల్టూవేకి ఇంకో పెట్టె. మనిషి మారిన ప్రతిసారీ అంపైర్ తన మనసులోని గీతల్ని చెరిపి మళ్ళీ గీసుకోవాలి.

అమెరికాలో అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో గంటకు 95 మైళ్ళ వేగంతో విసిరిన బంతి ప్లేట్ దగ్గరికి రావడానికి దాదాపు 0.4 సెకను పడుతుంది. ఒకసారి రెప్ప వేసి తెరిచేంత సేపు. దగ్గరికొచ్చేకొద్దీ ఆ బంతి వెంట కన్ను తిరగాల్సిన వేగం పెరిగిపోతుంది. 1980లలో టెర్రీ బాహిల్ బృందం బ్యాటర్ల కంటి కదలికలు కొలిచి చూస్తే, నిపుణుడైన ఆటగాడి చూపు కూడా ఆఖరి ఐదారు అడుగుల్లో బంతికి వెనకబడుతోందని తేలింది. అంపైర్‌కి ఇంకో చిక్కు కూడా ఉంది. బంతి దాదాపు తనకేసే వస్తుంది కాబట్టి, అది ప్లేట్ అంచును ఎక్కడ దాటిందో లోతు తెలియదు. పైగా క్యాచర్ దాన్ని పట్టేది ప్లేట్ మీద కాదు, దానికి కొన్ని అడుగుల వెనక. కిందికి వంగే కర్వ్‌బాల్ ఆ నాలుగడుగుల్లోనే మరో అర అడుగుకు పైగా దిగిపోతుంది. మోకాళ్ళ దగ్గర పెట్టెను తాకిన బంతి గ్లవ్‌లోకి వచ్చేసరికి నేలకి దగ్గర్లో ఉంటుంది. చూసేవాళ్ళకి అది బాల్‌లాగే కనిపిస్తుంది.

ఈ సంగతి క్యాచర్లకి బాగా తెలుసు. కింద పడబోయే బంతిని పట్టుకుంటూనే మణికట్టును మెల్లగా పైకి, పెట్టె వైపు లాగుతారు. దీన్ని ఫ్రేమింగ్ అంటారు. చెయ్యి విసురుగా లాగితే మోసం బయటపడిపోతుంది. గ్లవ్‌ని ముందే కింద ఉంచి, బంతితో పాటే పైకి తేవాలి. కెమెరాల లెక్కలు అందుబాటులోకి వచ్చాక, ఈ ఒక్క విద్యతో మంచి క్యాచర్ తన జట్టుకి సీజన్‌లో బోలెడు పరుగులు మిగులుస్తాడని తేలింది. అప్పటిదాకా దీనికి సరైన లెక్క లేదు.

కంటి సంగతి ఇలా ఉంటే, మనసు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. డేనియల్ చెన్, టోబియాస్ మోస్కోవిట్జ్, కెల్లీ షూ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2016లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇప్పుడే స్ట్రైక్ ఇచ్చిన అంపైర్, తర్వాతి బంతి సరిగ్గా అలాంటిదే అయినా, దానికి స్ట్రైక్ ఇచ్చే అవకాశం కొంచెం తగ్గుతుంది. అంచు మీద పడే బంతుల విషయంలో ఈ తగ్గుదల ఇంకా ఎక్కువ. వరుసగా బొమ్మ పడితే ఈసారి బొరుసే పడుతుందని మనం అనుకోమూ, అదే భ్రమ. ఈ భ్రమ అంపైర్లకే పరిమితం కాదని చూపించడానికి వాళ్ళు మరో రెండు రకాల తీర్పుల్ని కూడా పరిశీలించారు. ఒకటి అమెరికాలో శరణార్థుల కేసులు వినే న్యాయమూర్తులవి. రెండోది మన భారతదేశంలో అప్పు దరఖాస్తులు చూసే లోన్ ఆఫీసర్లవి. మూడు చోట్లా అదే ధోరణి. ముందు ఫైలు పాసైతే తర్వాతి ఫైలుకి కష్టం. నాకు ఇది అంపైర్ పొరపాటు కన్నా చాలా పెద్ద విషయంగా తోస్తుంది.

ఈటన్ గ్రీన్, డేవిడ్ డేనియల్స్ అనే పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. రెండు స్ట్రైక్‌లు పడ్డాక అంపైర్ మనసులోని పెట్టె కుంచించుకుపోతుంది. మూడు బాల్స్ అయ్యాక అదే పెట్టె విస్తరిస్తుంది. ఆట మలుపు తిరిగే తీర్పు తన నోటితో చెప్పడానికి మనిషి జంకుతాడు. ఇందులో పక్షపాతమేమీ లేదు.

అందుకే గ్యాలరీలో "వీడు అమ్ముడుపోయాడు" అనే మాట వింటే నాకు బాధేస్తుంది. నిజానికి బ్యాటర్‌కి కావాల్సింది నూటికి నూరు పాళ్ళు సరైన తీర్పు కూడా కాదు, నిలకడ. కిరాణా కొట్లో కాటా ఎప్పుడూ కిలోకి యాభై గ్రాములు తక్కువ తూస్తుందని తెలిస్తే, ఆ మేరకు ఇంకాస్త వేయించుకుంటాం. ఒకసారి తక్కువా ఒకసారి ఎక్కువా తూగే కాటాతో ఏం చెయ్యగలం? బయటి అంచు మీద రెండంగుళాలు ఎక్కువ ఇచ్చే అంపైర్‌ని బ్యాటర్ మూడో ఇన్నింగ్స్‌కల్లా (ఒక మ్యాచ్‌లో తొమ్మిది ఉంటాయి) పసిగట్టి, కాస్త ప్లేట్ దగ్గరికి జరిగి నిలబడతాడు. అదే బంతికి మొదటి ఇన్నింగ్స్‌లో స్ట్రైక్, ఐదో ఇన్నింగ్స్‌లో బాల్ అంటే మాత్రం ఏది వదిలెయ్యాలో, ఏది కొట్టాలో తెలియక చేతులు ఆలస్యమవుతాయి.

ఫామ్ పోయిన ఆటగాడి మీద ఈ బరువు రెండింతలు పడుతుంది. ఒక బాల్, ఒక స్ట్రైక్ దగ్గర తర్వాతి తీర్పు అతని వైపు వస్తే బంతి విసిరే పిచ్చర్ ఇరుకున పడతాడు. ఎదురుగా వస్తే బ్యాటర్ ఇరుకున పడతాడు. నాలుగు మ్యాచ్‌లుగా హిట్ లేనివాడికి, అంటే బంతిని కొట్టి బేస్ చేరలేకపోయినవాడికి, ఆ ఒక్క తీర్పూ తన మీద కుట్రలా కనిపిస్తుంది.

ఇక్కడే చిన్న లెక్క వెయ్యాలనిపిస్తుంది. బ్యాటర్ కొట్టడానికి వచ్చిన ఒక్కో అవకాశాన్ని ఒక వంతు అందాం. నాలుగు వంతులకి సగటున ఒక హిట్ కొట్టే మామూలు బ్యాటర్‌ని తీసుకుందాం. ప్రతి వంతూ నాలుగు చీట్లలోంచి ఒకటి తీసినట్టే అనుకుందాం. సీజన్‌లో 500 వంతులు ఆడితే, వరుసగా 15 వంతులు ఒక్క హిట్టూ లేకుండా పోయే గండం ఐదు సీజన్లలో దాదాపు నాలుగింటిలో వస్తుంది. అతని ఆట ఏమీ చెడకుండానే వస్తుంది. ఆ 15 వంతుల్లోనే కోచ్ నిలబడే తీరు మార్పిస్తాడు, అభిమానులు బెంచి మీద కూర్చోబెట్టమంటారు.

1970లో న్యూయార్క్ యాంకీస్‌కి కొత్తగా వచ్చిన క్యాచర్ థర్మన్ మన్సన్ మొదటి 30 వంతుల్లో కొట్టింది ఒకే ఒక్క హిట్. అయినా మేనేజర్ రాల్ఫ్ హౌక్ అతన్ని ఆడిస్తూనే పోయాడు. బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ అనే గణాంక శాస్త్రజ్ఞులు ఆ ఏడాది 18 మంది ఆటగాళ్ళ మొదటి 45 వంతుల్ని తీసుకుని, మిగతా సీజన్ ఎలా సాగుతుందో అంచనా వేశారు. రొబర్టో క్లెమెంటే 45కి 18 (అంటే వందకి 40) కొట్టాడు, మన్సన్ 8 (వందకి 17.8). మిగతా సీజన్‌లో క్లెమెంటే వందకి 34.6కి దిగాడు, మన్సన్ 31.6కి ఎక్కాడు. ఆ కొద్ది వంతుల్లో కనిపించిన అగాధం చాలావరకు పూడిపోయింది. ఏడాది చివర, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి మన్సన్‌కే దక్కింది.

అందరి కథా ఇలా తిరగదు. 2013లో 53 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టిన బాల్టిమోర్ ఆటగాడు క్రిస్ డేవిస్, 2018 సెప్టెంబరు నుంచి 2019 ఏప్రిల్ దాకా వరుసగా 54 వంతులు హిట్ లేకుండా ఉండిపోయాడు. 2018లో అతని సగటు వందకి 16.8. అంత తక్కువ సగటున్నవాడికి కూడా, ముందే ఎంచుకున్న ఏవో 54 వంతులూ కేవలం దురదృష్టం వల్ల హిట్ లేకుండా పోయే అవకాశం దాదాపు ఇరవై వేలలో ఒకటి. అక్కడ నిజంగానే ఏదో చెడింది. పదిహేను వంతులు చెప్పలేని మాట యాభై నాలుగు వంతులు చెబుతాయి.

2026 సీజన్ నుంచి మేజర్ లీగ్‌లో అంపైర్ తీర్పును సవాలు చెయ్యొచ్చు. బంతి జాడ పట్టేది కెమెరాలు. ఆ కెమెరాల లెక్కకి పెట్టె అడుగు అంచు బ్యాటర్ ఎత్తులో 27 శాతం దగ్గర, పై అంచు 53.5 శాతం దగ్గర. ఆరడుగుల మనిషికి సుమారు 19 అంగుళాల ఎత్తున్న పెట్టె అన్నమాట. క్రికెట్ డీఆర్‌ఎస్‌లో ఉండే 'అంపైర్స్ కాల్' ఇక్కడ లేదు. జట్టుకి మొదట రెండు సవాళ్ళే ఇస్తారు. నెగ్గితే సవాలు మిగులుతుంది, ఓడితే పోతుంది. అడిగే హక్కు బ్యాటర్, పిచ్చర్, క్యాచర్‌లకే. బెంచి మీదున్న వాళ్ళని సలహా అడక్కుండా, వెంటనే తలమీద తట్టాలి.

రెండు వారాలుగా హిట్ లేని బ్యాటర్‌కి ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బయటి అంచు మీద మూడో స్ట్రైక్ ఇచ్చారనుకోండి. జట్టు దగ్గర ఒకే ఒక్క సవాలు మిగిలింది. అది బాల్ అని అతని కన్ను చెబుతోంది. ఆ కన్నునే రెండు వారాలుగా అతను నమ్మడం లేదు. నేను చూసేది బంతిని కాదు, అతని చెయ్యి హెల్మెట్ దాకా లేస్తుందా లేదా అని.