ఎస్‌పీఎఫ్ అంకె కొలిచేది ఏమిటి, వదిలేసేది ఏమిటి

సన్‌స్క్రీన్ ట్యూబు మీద 30, 50 అని ఉండే ఎస్‌పీఎఫ్ (సన్ ప్రొటెక్షన్ ఫ్యాక్టర్) అంకె వెనకున్న కొలత చర్మాన్ని ఎండ నుంచి పూర్తిగా కాపాడటానికి పుట్టింది కాదు. 1930ల మధ్యలో సౌందర్య సాధనాల సంస్థ లోరియల్ వ్యవస్థాపకుడు యూజీన్ షుయెల్లర్ ఆంబ్ర్ సోలేర్ నూనెను తెచ్చినప్పుడు ఐరోపాలో కొనేవాళ్లకు కావలసింది వేరు: ఒళ్లు కమలకూడదు, రంగు మాత్రం తేలాలి. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో ఎక్కువగా కమిలించేవి 290–320 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న యూవీబీ కిరణాలు. 320–400 మధ్యనున్న యూవీఏని అప్పట్లో పెద్దగా అనుమానించలేదు. అందుకే కొలతకు గుర్తుగా చర్మం ఎర్రబడటాన్నే తీసుకున్నారు.

1956లో జర్మనీకి చెందిన రుడాల్ఫ్ షుల్జే ఈ రక్షణను లెక్కకట్టే పద్ధతి ఇచ్చారు. 1974లో ఆస్ట్రియా రసాయనవేత్త ఫ్రాంజ్ గ్రైటర్ దాన్ని ఎస్‌పీఎఫ్‌గా ప్రచారంలోకి తెచ్చారు. 1978లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని తన ప్రతిపాదిత నిబంధనల్లో చేర్చింది.

పరీక్షలో వీపు మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము రాసి ఆరనిస్తారు. చిన్న గళ్లలో ఎండలాంటి యూవీ దీపపు వెలుగు మోతాదు పెంచుకుంటూ పోయి, 16–24 గంటల తర్వాత ఏ గడి ఎర్రబడిందో చూస్తారు. క్రీము ఉన్నచోట ఎరుపు తేలడానికి పట్టిన మోతాదును లేనిచోట పట్టిన దానితో భాగిస్తే వచ్చేదే ఎస్‌పీఎఫ్. అది మోతాదుల నిష్పత్తి, గంటల లెక్క కాదు. పది నిమిషాల్లో కమిలేవాళ్లు ఎస్‌పీఎఫ్ 30 రాసుకుని 300 నిమిషాలు ఎండలో ఉండొచ్చనడం తప్పు: మధ్యాహ్నపు ఎండ వేరు, పొద్దుటి ఎండ వేరు, పైగా చెమటకూ తుడుపుకూ పూత చెదురుతుంది.

కమిలించే కిరణాల్లో ఎస్‌పీఎఫ్ 30 ఆపేది 97 శాతం, 50 ఆపేది 98 శాతం, తేడా ఒక్క శాతమేనని తీసిపారేసేవాళ్లున్నారు. చర్మంలోకి దిగేదాన్ని చూడాలి: 30తో దాదాపు 3.3 శాతం, 50తో 2 శాతం. ఇది తక్కువ తేడా కాదు.

అసలు చిక్కు ఆ 2 మిల్లీగ్రాముల దగ్గరుంది. చాలామంది రాసేది అందులో సగం, ఇంకా తక్కువ. పూత సగమైతే రక్షణ సగానికి, కొన్ని కొలతల్లో అంతకన్నా కిందికి పడుతుంది. ముఖానికీ మెడకూ కలిపి సుమారు గ్రామున్నర కావాలి; చూపుడు, మధ్య వేళ్ల పొడవునా రెండు గీతలు పిండితే దాదాపు సరిపోతుంది. ఒకేసారి అంత రాస్తే జిడ్డనిపిస్తే రెండు విడతలుగా రాయాలి. కింద మాయిశ్చరైజర్ ఆరకముందే రుద్దితే పూత నలుసులుగా ఉండకట్టి రాలిపోతుంది. రెండూ అరచేతిలో కలిపి రాస్తే సన్‌స్క్రీన్ పలచబడి పూత సమంగా పరుచుకోదు. ఆరుబయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాల్సిందే.

ఎరుపు చూపని యూవీఏకి విడి కొలతలు ఆలస్యంగా వచ్చాయి. యూవీఏ రక్షణ ఎంతో ప్లస్ గుర్తులతో చెప్పే పీఏ గుర్తులను జపాన్ 1996లో పెట్టింది. యూవీఏ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడోవంతు ఉండాలని 2006లో ఐరోపా కమిషన్ సిఫారసు చేసింది. 2011లో ఎఫ్‌డీఏ ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ (యూవీబీ, యూవీఏ రెండింటినీ ఆపేది) అనడానికి రక్షణ కనీసం 370 నానోమీటర్ల దాకా సాగాలని హద్దు పెట్టి, ‘వాటర్‌ప్రూఫ్’ అనే మాటను తీసేయించింది. నీళ్లలో 40 లేదా 80 నిమిషాలు నిలుస్తుందని మాత్రమే రాయొచ్చు.

చామనఛాయ, నల్లని చర్మాల్లో ఎరుపు కన్నా మంగు మచ్చలే పెద్ద బాధ. వాటిని కంటికి కనిపించే వెలుగు కూడా ముదరబెడుతుంది. దాన్ని ఎస్‌పీఎఫ్ గానీ పీఏ గానీ లెక్కించవు. మంగు ఉన్నవాళ్లు ఆ వెలుగును అడ్డుకునే ఐరన్ ఆక్సైడ్లు కలిసిన రంగు సన్‌స్క్రీన్ వెతుక్కోవాలి. ఆ సంగతి తెలిసేది పెద్ద అంకెలో కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల పట్టీలోనే.