రోగనిరోధక కణాలు మాట్లాడుకునే తీరు: అపోహలు - వాస్తవాలు

అపోహ: సూక్ష్మజీవిని గుర్తుపట్టగానే టీ కణం (రోగంతో పోరాడే తెల్లరక్తకణాల్లో ఒక రకం) దాడికి దిగుతుంది.

గుర్తుపట్టడం సగం పనే. సూక్ష్మజీవి ముక్కలను టీ కణాలకు చూపించే డెండ్రిటిక్ కణం, తన పైపొర మీది ఎంహెచ్‌సీ అనే అణువులో పెట్టి చూపే పెప్టైడ్‌ను (ప్రోటీన్ తునకను) టీ కణపు గ్రాహకం పట్టుకోవడం మొదటి సంకేతం. టీ కణం మీది సీడీ28 అనే ప్రోటీన్, డెండ్రిటిక్ కణం మీది సీడీ80, సీడీ86 అనే ప్రోటీన్లలో ఒకదానితో కలవడం రెండోది. అప్పుడు చుట్టూ ఉన్న సైటోకైన్లు (కణాలు విడుదల చేసే సందేశ ప్రోటీన్లు) మూడోది. ఆ కణం ఏ రకంగా తయారవాలో తేల్చేది అవే. మొదటిది అంది రెండోది అందకపోతే కణం మొద్దుబారిపోతుంది. తర్వాత అన్నీ సక్రమంగా అందినా సరిగా స్పందించదు. శుద్ధి చేసిన ప్రోటీన్ టీకాల్లో అడ్జువెంట్ (స్పందనను రెచ్చగొట్టే పదార్థం) కలిపేది ఇందుకే. ఒట్టి ప్రోటీన్‌ను చూసి డెండ్రిటిక్ కణం సీడీ80, సీడీ86లను పెద్దగా పెంచదు.

అపోహ: అయితే రెండో సంకేతాన్ని మందుతో నేరుగా ఇచ్చేస్తే సరిపోతుంది.

2006 మార్చిలో లండన్‌లో ఆ పనే జరిగింది. మొదటి సంకేతంతో పనిలేకుండానే సీడీ28ను మేల్కొలిపే టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులకు కిలోకు 0.1 మిల్లీగ్రాము చొప్పున ఎక్కించారు. కోతులు తట్టుకున్న మోతాదులో అది 500వ వంతు. గంటన్నరలోపే తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. ఆ తర్వాత ఆరుగురికీ పలు అవయవాలు దెబ్బతిన్నాయి. అందరూ బతికారు. కోతుల్లో ఎందుకు బయటపడలేదంటే, మనుషుల్లో సైటోకైన్లు కుమ్మరించిన ఎఫెక్టర్ మెమరీ సీడీ4 కణాల (పాత శత్రువును గుర్తుంచుకుని వెంటనే స్పందించే ఒక రకం టీ కణాల) మీద కోతులకు సీడీ28 ఉండదు. మోతాదు ఎంత తగ్గించినా, ఆ కణాల మీద లక్ష్యమే లేని జంతువులో చేసిన పరీక్ష ఈ ప్రమాదం గురించి ఏమీ చెప్పదు. పైగా ఒకరికి ఇచ్చి వేచి చూడకుండా పది నిమిషాల తేడాతో వరసగా ఇచ్చారు. అది క్షమించరాని తొందర.

అపోహ: ఈ సైటోకైన్ పెంచేది, ఆ సైటోకైన్ తగ్గించేది.

‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని సీసా మీద రాసి ఉంటే, ఏ కణానికి అని అడగండి. ఐఎల్-2 (ఇంటర్‌ల్యూకిన్-2) అనే సైటోకైన్‌నే చూడండి. స్పందనను అణిచే రెగ్యులేటరీ టీ కణాల మీద, ఐఎల్-2ను పట్టుకునే సీడీ25 దండిగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి ఐఎల్-2ను అవే ముందుగా లాక్కుంటాయి; ఫలితం, అణచివేత. మోతాదు బాగా పెంచితే దాడిచేసే టీ కణాలకూ, ఎన్‌కే (నేచురల్ కిల్లర్) కణాలకూ అందుతుంది. కిడ్నీ క్యాన్సర్‌లో వాడింది ఈ రెండో పద్ధతే. అప్పుడు రక్తకేశనాళికలు కారి బీపీ పడిపోతుంది.

అపోహ: టీ కణాలను ఆపే సీటీఎల్‌ఏ-4, పీడీ-1 అనే ప్రోటీన్లు రెండూ ఒకే బ్రేకు.

మొదటిది ముఖ్యంగా లింఫ్ గ్రంథుల్లో, సీడీ28కి దక్కాల్సిన సీడీ80, సీడీ86లను తన్నుకుపోతుంది. రెండోది ఎక్కువగా కణజాలంలో, అప్పటికే పనిలో ఉన్న కణాన్ని నెమ్మదింపజేస్తుంది. క్యాన్సర్ చికిత్సలో మందుతో దేన్ని అడ్డుకున్నా పేగు, థైరాయిడ్, కాలేయం వంటివి వాపుకు గురికావచ్చు, మందు ఆపేసిన నెలల తర్వాత కూడా. తీవ్రమైన విరేచనాలైతే ముందు ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకుని స్టెరాయిడ్ మొదలుపెడతారు. దాన్ని కనీసం నాలుగు వారాల మీద తగ్గించాలి. తొందరపడితే తిరగబెడుతుంది.

అపోహ: టోసిలిజుమాబ్ (కీళ్లవాతం వంటి వాటికి వాడే మందు) ఇచ్చాక సీఆర్‌పీ (ఒంట్లో వాపును సూచించే రక్తంలోని ప్రోటీన్) తగ్గింది, కాబట్టి ఇన్‌ఫెక్షన్ లేదు.

కాలేయం సీఆర్‌పీని తయారుచేసేది ప్రధానంగా ఐఎల్-6 అనే సైటోకైన్ ఆదేశంతో. ఈ మందు ఐఎల్-6 గ్రాహకాన్నే మూసేస్తుంది కాబట్టి, లోపల చీము పెరుగుతున్నా సీఆర్‌పీ మామూలుగా కనబడవచ్చు; జ్వరం కూడా రాకపోవచ్చు. రక్తంలో ఐఎల్-6 మాత్రం పెరుగుతుంది, ఎందుకంటే దాన్ని తొలగించే దారి ఆ గ్రాహకమే. ఆ రోజుల్లో నమ్మాల్సింది బీపీ, ఆక్సిజన్, కల్చర్లు (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలు), రోగిని స్వయంగా పరీక్షించడం.